తూర్పున చేప, పడమర చాక్లెట్

చెన్నై నుంచి ఉత్తరానికి వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి ఆరంబాక్కం దాటి ఆంధ్రలో అడుగుపెట్టగానే తగిలే ఊరు తడ. రోడ్డుకు తూర్పున పులికాట్ సరస్సు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. రోడ్డుకు పడమర శ్రీసిటీ పారిశ్రామికవాడ. అక్కడ 2015 ఏప్రిల్‌లో పెప్సికో పానీయాల ఫ్యాక్టరీ మొదలైంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మాండెలీజ్ సంస్థ 134 ఎకరాల్లో క్యాడ్‌బరీ చాక్లెట్ల ఫ్యాక్టరీ తెరిచింది. ఆసియా పసిఫిక్ ప్రాంతంలో తమకు ఇంతకన్నా పెద్ద చాక్లెట్ ఫ్యాక్టరీ లేదని అప్పట్లో ఆ సంస్థ ప్రకటించుకుంది. కెల్లాగ్స్ కూడా ఆ ప్రాంగణంలోనే ఉంది. చేపలూ రొయ్యలూ పీతలూ దొరికే నీళ్ళు ఒక దిక్కున, చాక్లెట్లూ కూల్‌డ్రింకులూ కార్న్‌ఫ్లేక్సూ తయారయ్యే యంత్రాలు మరో దిక్కున. పాతిక కిలోమీటర్ల లోపే ఇంత తేడా ఉన్న రెండు తిండి లోకాలు ఎదురెదురుగా నిలబడ్డ ఊరు ఆంధ్రదేశంలో మరొకటి దొరకడం కష్టం.

ఈ రెంటి నడుమ రోజూ బడికీ కాలేజీకీ వెళ్ళి వచ్చే పిల్లలున్నారు. ఒకప్పుడు నెల్లూరు జిల్లా పిల్లలు, 2022 ఏప్రిల్ తర్వాత తిరుపతి జిల్లా పిల్లలు. ఇంట్లో నెల్లూరు తెలుగు, అంగట్లో అరవం, ఫోన్లో అన్ని భాషలూ. పదమూడు దాటి ఇరవై లోపున్న ఈ వయసుకు ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ, జేబులో మొదటిసారిగా సొంత డబ్బు. ఈ పిల్లలు ఏం తినాలో చెప్పేవాళ్ళు చాలామంది. ఎందుకు అలా తింటున్నారని వాళ్ళనే అడిగేవాళ్ళు తక్కువ.

అడిగితే వచ్చే జవాబు పెద్దలు ఊహించేదానికి దూరంగా ఉంటుంది. ఏది మంచిదో వాళ్ళకు తెలుసు. ఆకుకూరల్లో ఇనుము, గుడ్డులో మాంసకృత్తులు, కూల్‌డ్రింకులో చక్కెర, చిప్స్‌లో ఉప్పూ నూనే అని తొమ్మిదో తరగతి పిల్ల తడుముకోకుండా చెబుతుంది. పరీక్షలో రాస్తే మార్కులూ వస్తాయి. ఆ జవాబు రాసి బయటికి వచ్చి, గేటు ఎదురుగా ఉన్న బంకులో ఐదు రూపాయల ప్యాకెట్ కొంటుంది. ఆ పిల్లకు అజ్ఞానం అంటగడితే అన్యాయం. తెలిసిన విషయానికీ చేతికి అందే వస్తువుకూ నడుమ ఎంత దూరం ఉందో చూడాలి. ఆ దూరాన్ని పిల్లలు తీసుకురాలేదు, తగ్గించే బాధ్యత కూడా వాళ్ళ ఒక్కరిదే కాదు.

పది రూపాయల లెక్క చూద్దాం. అరటిపండు ఐదారు రూపాయలు. బండి మీద ఉడికించిన గుడ్డు పది రూపాయలు. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ మాత్రం ఏళ్ళ తరబడి ఐదు రూపాయలే. ధర పెంచితే చిన్న చేతులు వెనక్కి పోతాయని కంపెనీలకు తెలుసు గనుక లోపలి బరువు తగ్గుతుంది, పైన అంకె మారదు. కూల్‌డ్రింకుల్లోనూ పది రూపాయల సీసాల పోటీ మొదలైంది. 2023లో క్యాంపా కోలా తిరిగి మార్కెట్లోకి వచ్చినప్పుడు 200 మిల్లీలీటర్ల సీసా పది రూపాయలకే అమ్మింది. అంతటి సీసాలో సాధారణంగా 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. పెద్దవాళ్ళకైనా రోజు మొత్తానికి 25 గ్రాములు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పది రూపాయలకు ఒక రోజు చక్కెర దాదాపుగా ఒంట్లో చేరిపోయింది, కడుపు మాత్రం నిండలేదు.

పన్నుల లెక్క కూడా ఈ పిల్లల తిండిని తాకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్లు, బిస్కెట్లు, కార్న్‌ఫ్లేక్స్ మీద 18 శాతం ఉన్న జీఎస్టీ 5 శాతానికి దిగింది. నామ్‌కీన్ ప్యాకెట్ల మీద 12 నుంచి 5కు వచ్చింది. గ్యాస్ నింపిన తీపి పానీయాలకు మాత్రం 40 శాతం శ్లాబు. తాజా చేపకూ గుడ్డుకూ పండుకూ ఈ పన్ను అసలే లేదు, అది మంచిదే. అయినా కోళ్ళ ఫారం నుంచి గుడ్డునూ, తోట నుంచి జామకాయనూ ప్రతి బడి గేటు దగ్గరికీ మోసుకొచ్చే వ్యాన్ లేదు. ప్యాకెట్‌కు ఆ వ్యాన్ ఉంది. పులికాట్‌లోని వేనాడు దీవిలో చిన్న కొట్టుకైనా వేలాడే ప్యాకెట్ల దండ చేరుతుంది. అది పాడవదు, కుళ్ళదు, మిగిలితే కొట్టువాడికి నష్టం రాదు. పండు అమ్మేవాడికి సాయంత్రానికి మిగిలిన ప్రతి కాయా బరువే.

తూర్పు దిక్కుకు వెళ్తే కథ మరోలా ఉంటుంది. ఇరకం, వేనాడు దీవుల్లోనూ భీమునివారిపాలెం రేవులోనూ వల వేసే ఇళ్ళ పిల్లలకు చేపల పేర్లు ఒకరు నేర్పక్కర్లేదు. పండుగప్ప, నెత్తళ్ళు, కవళ్ళు, రొయ్యలు, పీతలు అని చూడగానే చెబుతారు. మామిడికాయ వేసి చిక్కగా కాచిన చేపల పులుసు నెల్లూరు పేరును ఎంతో దూరం మోసుకెళ్ళింది. కానీ రాయదొరువు దగ్గర సముద్ర ముఖద్వారం ఇసుకతో పూడుతూ వచ్చింది. సముద్రపు నీరు సరిగా రాకపోతే సరస్సులో చేప పెరగదు. వేట తగ్గినప్పుడు దొరికిన మంచి సరుకు చెన్నై మార్కెట్టుకు పోతుంది, ఇంటికి చిన్న చేప మిగులుతుంది.

ఆ చిన్న చేప విషయంలోనే పిల్లల చూపు మారవలసిన అవసరం ఉంది. ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్ళలో కాల్షియం పుష్కలం. ఎదిగే ఎముకకు అంతకన్నా చవకైన ఆహారం ఆ తీరంలో దొరకదు. పదిహేనేళ్ళ పిల్లవాడు మాత్రం దాన్ని అమ్ముడుపోని చేపగా, లేనివాళ్ళ కూరగా చూస్తాడు. క్యారియర్‌లో ఎండుచేపల కూర తెచ్చుకున్న పిల్ల మూత తీయడానికి జంకుతుంది, వాసనకు పక్కవాళ్ళు ముఖం చిట్లిస్తారని. అదే బెంచీ మీద నూడుల్స్ డబ్బా తెరిస్తే నలుగురు చుట్టూ చేరతారు. ఈ వయసులో తిండి కడుపుకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. ఎవరి పక్కన చోటు దొరుకుతుందో, ఎవరు తనను తమలో కలుపుకుంటారో కూడా దానితోనే తేలుతుంది. ప్యాకెట్ చింపి నలుగురి ముందు పెడితే నాలుగు చేతులు వస్తాయి. పోషకాల పట్టిక చూపించి ఈ స్నేహాన్ని వదులుకోమంటే ఏ పిల్లా వదులుకోదు.

టైంటేబుల్ కూడా తిండిని నిర్ణయిస్తుంది. ఇంటర్ చదివే పిల్లలు చాలామంది పొద్దున్నే బస్సు కోసమో, చెన్నై సూళ్ళూరుపేటల మధ్య తిరిగే లోకల్ రైలు కోసమో పరుగెత్తుతారు. అమ్మ దోసె పోసేలోపు బండి వెళ్ళిపోతుంది. టిఫిన్ మానేసిన పిల్లకు పదకొండింటికి కళ్ళు తిరుగుతాయి. సాయంత్రం కాలేజీ వదిలాక ట్యూషన్‌కు ముందు గంట, గంటన్నర విరామం. ఆ వేళకు దారి పొడుగునా వెలిగేవి గోబీ మంచూరియా బండి, ఫ్రైడ్ రైస్ బండి, చికెన్ పకోడీ బాణలి. ఐసీఎంఆర్ 2020 సిఫార్సుల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ బాలుడికి రోజుకు 2,860, బాలికకు 2,400 కిలో కేలరీలు కావాలి. 16 దాటిన అబ్బాయికి 3,320. అంటే ఆ సాయంకాలపు ఆకలి నిజమైన ఆకలి. దాన్ని నోటి చాపల్యమని తిట్టడం సరికాదు. ఆ వేళకు మరో తిండి ఎదురుగా లేకపోవడమే లోపం.

ఇంతకీ ఒళ్ళు పెరగడం మన పిల్లల్లో ఎంత పెద్ద సమస్య? 2016–18 మధ్య దేశవ్యాప్తంగా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో 24 శాతం మంది ఉండవలసిన దానికన్నా సన్నగా ఉన్నారు. అధిక బరువున్నవాళ్ళు 5 శాతం. ఇక్కడితో ఆగితే లావు గురించి దిగులు పడక్కర్లేదనిపిస్తుంది. అదే సర్వే రక్తపరీక్షల్లో మాత్రం ప్రతి పదిమందిలో ఒకరికి మధుమేహానికి ముందు దశ కనిపించింది. పైకి సన్నగా ఉన్న ఒంట్లో కూడా చక్కెర అదుపు తప్పుతోందన్న మాట. పెద్దవాళ్ళ లెక్క చూస్తే దారి ఎటు పోతోందో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 36 శాతానికి పైగా అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అదే సర్వేలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. తల్లి ఒంట్లో కొవ్వు, కూతురి ఒంట్లో నెత్తురు లేమి. ఒకే ఇల్లు, ఒకే కుండలో అన్నం.

ఆ కుండలోనే కొంత సమాధానం ఉంది. 2024 మే నెలలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెప్పింది. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంది. రెండు వేల కిలో కేలరీల తిండిలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలంది. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నేలలో కంచం నిండా అన్నం పోసి, మూలన కాస్త కూర, పైన పులుసు వడ్డించడం ప్రేమకు గుర్తు. ఆ ప్రేమ అలాగే ఉండనిచ్చి అన్నం పక్కన పప్పు, ఆకుకూర, చేప వాటా పెంచడమే ఆ సూత్రాల సారం. ఇది పిల్లల చేతిలో లేదు. గరిటె పట్టినవాళ్ళదీ, సరుకులు తెచ్చేవాళ్ళదీ ఆ నిర్ణయం.

సన్నగా ఉంటే చాలు, ఆరోగ్యంగా ఉన్నట్టే అన్న నమ్మకం పిల్లల్లోనూ పెద్దల్లోనూ గట్టిగా ఉంది. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ జీవితమంతా ఈ నమ్మకం మీదే పరిశోధన చేశారు. 2004లో లాన్సెట్ పత్రికలో ఆయనా, ఆయన ఆంగ్లేయ మిత్రుడు జాన్ యుడ్‌కిన్ తమ ఫొటోతో పాటు తమ కొలతలు ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే కొలత) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారతీయ శరీరం చూడటానికి సన్నగా ఉంటూనే లోపల కొవ్వు దాచుకోగలదని చెప్పడానికి అంతకన్నా సూటి సాక్ష్యం అక్కర్లేదు. అందుకే భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో పిల్లల కోసం తయారు చేసిన ఎదుగుదల పటాల్లో గీతలను పెద్దవాళ్ళ అధిక బరువు, ఊబకాయం హద్దులైన 23, 27 బీఎంఐలకు సరిపోయేలా వయసువారీగా, ఆడ మగ వేరువేరుగా గీసింది. పదమూడేళ్ళ పిల్లను పెద్దవాళ్ళ లెక్కతో తూచి లావనో సన్నమనో తేల్చడం తప్పు. ఆ పటం ప్రతి బడిలోనూ ఉండాలి, దాన్ని చదవడం పిల్లలకే నేర్పాలి.

తూకం వేసే పద్ధతిలోనూ మర్యాద ఉండాలి. ఈ విషయంలో మన ఇళ్ళు పిల్లలకు చాలా అన్యాయం చేస్తున్నాయి. సన్నగా ఉన్న అబ్బాయి కనిపిస్తే "ఏందిరా అబ్బయా, ఇట్టా చిక్కిపోయినావు?" అంటారు. కాస్త లావుగా ఉన్న ఆడపిల్ల పెళ్ళికి వెళితే పలకరింపుకు ముందే ఒంటి ప్రస్తావన వస్తుంది. అదే పిల్ల రెండో దోసె వద్దంటే "తిను బిడ్డా, ఎదిగే వయసు" అని నాయనమ్మ బతిమాలుతుంది. రెండు మాటల నడుమ నలిగిన పిల్ల అందరి ముందూ తక్కువ తిని, ఎవరూ లేనప్పుడు బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేస్తుంది. లేదా ఫోన్లో చూసిన ఏదో డైట్ పేరుతో పూట తప్పించి పూట తినడం మొదలుపెడుతుంది. ఊబకాయం గురించి తెలియజెప్పడం అవసరం. కానీ అవమానం ఎవరి బరువూ తగ్గించలేదు. క్లాసులో అందరి ముందూ బరువు చదివి వినిపించడం, మారుపేర్లు పెట్టడం, ఆటల్లో పక్కన నిలబెట్టడం, ఇవన్నీ పిల్లను మైదానం నుంచి తరిమేస్తాయి. మైదానంలోనే ఆ పిల్లకు మందు ఉంది.

ఈ మాటకు మన దగ్గరే ఆధారం ఉంది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాదు బడుల్లో 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలను 1,200 మందికి పైగా పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అందరిలో కలిపి అధిక బరువు సుమారు 7 శాతం. రోజుకు మూడు గంటలకు మించి టీవీ చూసేవాళ్ళలో 10 శాతం దాటింది. వారానికి ఆరు గంటలు బయట ఆడుకునేవాళ్ళలో 3 శాతం దగ్గరే ఆగింది. ఇంటిపనుల్లో చేయి వేసేవాళ్ళలోనూ తక్కువే. అప్పటికి ప్రతి జేబులో ఫోన్ లేదు. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు కదిలే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పదో తరగతికి రాగానే ఆటల పీరియడ్‌ను లెక్కల క్లాసు మింగేస్తుంది. ఆడపిల్లలకైతే పెద్దమనిషైన రోజు నుంచే మైదానం దూరమవుతుంది. అప్పుడే వాళ్ళ ఎముకలూ కండరాలూ ఎక్కువ ఎదగాలి.

చిన్నప్పటి తిండి యౌవనంలో ఎలా ఫలిస్తుందో చెప్పే మరో కథ కూడా తెలుగు నేల మీదే జరిగింది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో ఒక ప్రయత్నం నడిచింది. 15 పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్ళ లోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా రోజూ ఉప్మా పెట్టారు. మిగతా పల్లెలకు ఆ పథకం అప్పటికి అందలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ళ వయసుకు వచ్చాక శాస్త్రవేత్తలు మళ్ళీ వెళ్ళి చూశారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం వచ్చింది. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఒంట్లో కొవ్వు మాత్రం పెరగలేదు. పళ్ళెంలో వేసిన మామూలు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత కూడా ఫలితం చూపిందంటే, ఒక పూట బడి భోజనాన్ని ఎవరూ చిన్నచూపు చూడలేరు.

బడి భోజనానికి తడ పొరుగునే నూరేళ్ళ చరిత్ర ఉంది. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు నగరపాలక సంస్థ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడిలో పిల్లలకు తిండి పెట్టడం మొదలైంది. కామరాజ్ దాన్ని 1956లో తమిళ పల్లెలకు తీసుకెళ్ళారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు దేశమంతా వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో రాగిజావ చేరింది. ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న పథకం 2025 జనవరి 4 నుంచి 475 ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు కూడా విస్తరించింది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లల పళ్ళెం గురించి ప్రభుత్వం ఆలోచించడం ఎంతో ముఖ్యమైన అడుగు. పేదింటి పిల్ల టిఫిన్ లేకుండా వచ్చి సాయంత్రం వరకు మంచినీళ్ళతో గడిపే రోజు కొంతైనా తగ్గుతుంది.

అయినా కౌమారంలో ఉన్న పిల్లలకు ఈ పళ్ళెం పట్టుకోవడంలో ఒక సంకోచం ఉంది. చిన్న క్లాసుల్లో పళ్ళెం పట్టుకుని పరుగెత్తిన పిల్లవాడే తొమ్మిదికి వచ్చేసరికి వరసలో నిలబడటానికి సిగ్గుపడతాడు. బడి భోజనం లేనివాళ్ళ కోసం అన్న ముద్ర మనసులో పడుతుంది. ఈ ముద్రను పోస్టర్లు చెరపలేవు. ఉపాధ్యాయులూ అదే వరసలో నిలబడి అదే అన్నం తినాలి. వారంలో ఒక రోజు మెనూ పిల్లలే నిర్ణయించాలి. నెల్లూరు వైపు పులిబొంగరాలు, పచ్చడి, చేపల పులుసు అంటే నోరూరని పిల్లలుండరు. తమ ఊరి రుచి బడి వంటశాలలో దొరికితే, అది దయతో పెట్టిన భోజనంగా అనిపించదు.

చట్టం అండ కూడా ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 సెప్టెంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోనూ గేటుకు 50 మీటర్ల లోపూ అమ్మకూడదు. 2025 మేలో సీబీఎస్ఈ తన బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో ఆ బోర్డు చూపాలి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటా సహా పలు పానీయాలను ఆన్‌లైన్ దుకాణాల ఆరోగ్య పానీయాల విభాగం నుంచి తీసేయమంది. 50 మీటర్ల నియమం కాగితం మీద బాగుంది. కానీ గేటు ముందు బంకు పెట్టుకుని బతికే మనిషిని తరిమేస్తే పని పూర్తి కాదు. అదే బంకులో వేరుశనగలు, ఉడికించిన గుడ్లు, జామకాయలు, మజ్జిగ అమ్మితే తన బేరం తగ్గదని అతనికి నమ్మకం కలిగించాలి. పంచాయతీ, బడి కమిటీ కలిసి కొంత సరుకు హామీ ఇస్తే అది సాధ్యమే.

ఇతర దేశాలు ఈ దారిలో కొంత ముందుకు నడిచాయి. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. చిలీ 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు దాటిన ప్యాకెట్ మీద నల్లటి అష్టభుజి ముద్ర తప్పనిసరి చేసి, అలాంటివాటిని బడుల్లోంచి తీసేసింది. 2025 సెప్టెంబరులో యునిసెఫ్ ప్రకటించిన లెక్క మనల్ని ఆలోచింపజేయాలి. ప్రపంచంలో బడి వయసు పిల్లల్లో ఊబకాయులు, తక్కువ బరువున్నవాళ్ళను మొదటిసారిగా దాటేశారు. ఊబకాయం 9.4 శాతం, తక్కువ బరువు 9.2 శాతం.

పిల్లల వైఖరి గురించి మాట్లాడేవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన ప్రయోగం మాత్రం అమెరికాలోని టెక్సాస్‌లో జరిగింది. ఎనిమిదో తరగతి పిల్లలు 500 మందికి పైగా అందులో పాల్గొన్నారు. ఒక వర్గానికి మామూలు ఆరోగ్య పాఠం చెప్పారు. మరో వర్గానికి, తినడం మొదలుపెడితే ఆపలేని విధంగా కంపెనీలు పదార్థాలను ఎలా తయారు చేస్తాయో, పిల్లలనూ పేదలనూ లక్ష్యంగా ప్రకటనలు ఎలా గుప్పిస్తాయో వివరించారు. మర్నాడు చిరుతిండి ఎంచుకోమంటే రెండో వర్గం పిల్లలు చక్కెర తక్కువవే ఎక్కువగా ఎంచుకున్నారు. 2016లో ఈ ఫలితం ప్రచురితమైంది. మూడేళ్ళ తర్వాత వచ్చిన మరో అధ్యయనంలో అబ్బాయిల విషయంలో ఈ మార్పు దాదాపు మూడు నెలలు నిలిచింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చే గుండెజబ్బు గురించి చెబితే పదిహేనేళ్ళవాడి చెవికెక్కదు. తనను ఎవరో మోసం చేస్తున్నారంటే వెంటనే నిటారుగా కూర్చుంటాడు. న్యాయం మీద పట్టుదల ఆ వయసు బలం. ఆ బలాన్ని పక్కనపెట్టి మనం భయపెట్టే పాఠాలు చెబుతున్నాం.

ఈ పాఠానికి తడ పిల్లలకన్నా తగినవాళ్ళెవరు? శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సులు తమ ఊళ్ళ మీదుగానే వెళ్తాయి. ఆ జీతాలతోనే ఎన్నో ఇళ్ళలో చదువులు సాగుతున్నాయి, ఆ ఉపాధి విలువ ఎవరూ కాదనరు. యంత్రం దగ్గర నిలబడే మనిషి ఇంట్లోనే ఉన్నప్పుడు, ఆ యంత్రంలోంచి వచ్చే వస్తువు గురించి అడిగే హక్కూ ఆ ఇంటి పిల్లలదే. ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవడం లెక్కల పీరియడ్‌లో నేర్పవచ్చు. వంద గ్రాముల్లో చక్కెర ఎంత, ఈ ప్యాకెట్‌లో ఎంత, చెంచాల్లో ఎంత అన్నది ఏడో తరగతి నిష్పత్తి లెక్కే. అదే పట్టికలో నూరు గ్రాముల నెత్తళ్ళనూ, గుప్పెడు శనగలనూ, మునగాకు పప్పునూ పక్కన రాయించాలి. ఏ తిండికి ఎన్ని రూపాయలు, ఆ రూపాయికి ఎంత మాంసకృత్తు, ఎంత ఇనుము అన్నది పిల్లలే తేల్చాలి. తాము తేల్చిన లెక్కను వాళ్ళు అంత సులువుగా కాదనలేరు.

వెంటనే చేయగల పని ఒకటుంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు ఉన్న ఆకలికి జవాబు బడి లోపలే దొరకాలి. మధ్యాహ్నం వండే మహిళలున్నారు, పొయ్యి ఉంది, గిన్నెలున్నాయి. నలభై గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించి, కరివేపాకు, ఎండుమిరప తాలింపు వేస్తే గుగ్గిళ్ళు సిద్ధం. శనగల ఖర్చు మనిషికి నాలుగు రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తు అందుతుంది. ఒక రోజు శనగలు, ఒక రోజు అలసందలు, ఒక రోజు ఉడికించిన వేరుశనగలు. తర్వాత ఓ గంట కబడ్డీ, వాలీబాల్, ఆడపిల్లలకు కూడా మైదానంలో సమాన వాటా. 2024 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరుగుతున్నాయి. ఈసారి సమావేశంలో పదో తరగతి అమ్మాయి ఒకరు, అబ్బాయి ఒకరు తమ గేటు ముందు దొరికే తిండి లెక్కనూ, గుగ్గిళ్ళ ఖర్చు లెక్కనూ తల్లిదండ్రుల ముందు చదవడానికి పది నిమిషాలు కేటాయించమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగాలి. నెలకు ఒక్కో పిల్లకు వంద రూపాయల దగ్గర పడే ఈ ఖర్చులో ప్రభుత్వం ఎంత పెట్టాలి, పంచాయతీ ఎంత పెట్టాలి, శ్రీసిటీ సంస్థల సామాజిక బాధ్యత నిధుల నుంచి ఎంత అడగాలి అన్నది ఆ రోజే, ఆ పిల్లల ఎదుటే మాట్లాడుకోవాలి.